స్కానింగ్‌లో మూడు

“స్కానింగ్ చేశానే జ్యోతీ. మూడు లోరా కనపడ్డాయి,” అంది నస్రత్, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మిక్సీలో అల్లం పచ్చడి తిప్పుతూ.

“స్కానింగ్ చేశారే జ్యోతీ. మూడు లోపల కనపడ్డాయి,” అని వినపడింది, వసారాలో కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆమె అత్తగారు జానీబీకి.

తప్పు ముసలామె చెవిది కాదు. ఆ మిక్సీ నస్రత్ పెళ్ళినాటిది. అది తిరిగితే పచ్చడికన్నా ముందు మాటలు నలుగుతాయి. పైగా ‘లోరా’ అనే ముక్క పర్చూరులో ఏ చెవికీ అలవాటైంది కాదు. తెలియని మాట వచ్చి గడప దగ్గర నిలబడితే, మనసు దానికి తనకు తెలిసిన చొక్కా ఒకటి తొడిగి ఇంట్లోకి తీసుకుపోతుంది. లోరా వచ్చి నిలబడింది. జానీబీ దానికి ‘లోపల’ తొడిగింది. ఇక స్కానింగ్ అంటే ఏమిటో మన ఊళ్ళలో కోడలున్న ఏ ఇంటికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

మిక్సీ ఆగింది. ఆగకపోయినా బాగుండేది, ఎందుకంటే ఆ తర్వాతి మాటలు మహా స్పష్టంగా వినపడ్డాయి.

“రెండు మంచి బలంగా ఉన్నాయే. ఒకటి మాత్రం బాగా వీక్. దాని సంగతి ఇంకా తేలాలి. వచ్చే శుక్రవారంలోగా తేలుస్తాలే. లేదే, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అంతా అయ్యాక చెబుదామని.”

జానీబీ చేతిలోని మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. కాబట్టి ఆ తర్వాత కారిన కన్నీళ్ళలో ఆనందమెంతో, మిరపకారమెంతో విడదీసి చెప్పడం కష్టం.

నస్రత్ చెప్పింది కడుపు సంగతి కాదు, గాలి సంగతి. లోరా అంటే చిన్న బ్యాటరీతో మైళ్ళకొద్దీ కబురు పంపే ఒక రేడియో పద్ధతి. పొలంలో తేమెంత, కోల్డ్ స్టోరేజీలో చలెంత అని చిన్న చిన్న పెట్టెలు ఆ పద్ధతిలో చెబుతుంటాయి. పెన్‌డ్రైవంత డాంగిలు ఒకటి ల్యాప్‌టాపుకు గుచ్చి, దానికొక యాంటెన్నా తగిలించి, మిగతా పని సాఫ్ట్‌వేరుకు అప్పజెబితే, చుట్టుపక్కల గాలిలో ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతున్నారో తెర మీద రంగు గీతలై జారుతుంది. నస్రత్‌తో చీరాలలో ఇంజనీరింగ్ చదివిన నాగజ్యోతి ఇప్పుడు తాడేపల్లిలో ఒక కంపెనీలో ఉంది. ఆ కంపెనీ పర్చూరు చుట్టూ మిరప, పత్తి చేలల్లో తేమ చెప్పే పెట్టెలు పాతబోతోంది. పాతే ముందు ఇక్కడి గాలిలో ఇప్పటికే ఉన్న నెట్‌వర్కులేమిటో, ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చాలి. “శుక్రవారంలోగా నువ్వు తేలిస్తే, జిల్లా అంతా ఈ పని చేసే ఉద్యోగం నీదే. లేకపోతే హైదరాబాదు నుంచి ఎవర్నో పంపుతారంట,” అని చెప్పింది నాగజ్యోతి. చదువయ్యాక తొమ్మిదేళ్ళకు నస్రత్ తలుపు తట్టిన మొదటి ఉద్యోగం అది.

కానీ టైమేది? ఆ పరికరానికి డాంగిలని ఎవరు పేరు పెట్టారో గానీ, నస్రత్ దాంతో గడిపిన ప్రతి అరగంటా దొంగిలించిందే. కూతురు గుల్షన్‌కి జడలేసి, బాక్సు కట్టి, బడికి పంపి, మామగారికి రెండో టీ ఇచ్చి, భర్త సుభానీ షాపుకెళ్ళాక, బట్టలారేసే వంకతో డాబా ఎక్కితే దొరికేది ఆ అరగంట. బట్టల తీగ మీద తువ్వాళ్ళు, తువ్వాళ్ళ చాటున యాంటెన్నా. పాత గొడుగు పుల్లలు జానెడు జానెడు తుంచి ప్లాస్టిక్ గొట్టానికి గుచ్చి తనే చేసుకుంది దాన్ని. సుభానీ ఒకసారి చూసి, “యాంటెన్నాతో ఏంటన్నా దొరికిందా?” అని, తన మాటకు తనే పొట్ట పట్టుకు నవ్వాడు. మంచివాడే. కానీ మంచివాళ్ళ మాటలకే ముళ్ళు సన్నగా ఉంటాయి, గుచ్చుకున్న చోటు కనపడదు. “ఇంట్లో ఉండేదానివి, నీకు అలుపేంటి?” అన్నది అతనే. “నీ బీటెక్కు అటకెక్కి తొమ్మిదేళ్ళయింది, దాన్నెందుకు దించుతావు?” అన్నదీ అతనే. మామగారు మాబు సాహెబ్‌ది పరుపుల షాపు. “మనం పరుపులమ్ముకునేవాళ్ళం గానీ పరువమ్ముకునేవాళ్ళం కాదమ్మా,” అని ఆమె ఉద్యోగం మాటెత్తిన మొదటిసారే చెప్పాడాయన. పరుపుకీ పరువుకీ ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం దాటడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ ఇంట్లో అందరూ ట్రాన్స్‌మిటర్లే, రిసీవరు తనొక్కతేనని అనిపించేది నస్రత్‌కి. “టీ.” “తువ్వాలు.” “రిమోటేదీ?” ఎవరికని పేరుండదు, ఊరికే గాలిలోకి వదులుతారు. అందుకోవాల్సింది ఎవరో ఆ గాలికి కూడా తెలుసు. ఫ్రీక్వెన్సీ అనే మాటకు ముందు ‘ఫ్రీ’ ఎందుకుందో కాలేజీలో ఏ మాస్టారూ చెప్పలేదు. పెళ్ళయ్యాక దానంతటదే తెలిసింది: ఎంత తరచుగా చేస్తే అంత ఉచితం.

ఇలా ఉండగా, మూడు అన్న ఒక్క మాటతో ఇంటి మూడే మారిపోయింది.

మర్నాడు పొద్దున నస్రత్ లేచేసరికి మామగారు వంటింట్లో ఉన్నాడు. పంచదార డబ్బా కోసం వెతుకుతూ ఇల్లంతా ఉప్పు డబ్బాలే ఉన్నాయని విసుక్కుంటున్నాడు. సుభానీ గుల్షన్ యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాడు, కాలర్ తప్ప అన్నీ చేశాడు. అత్తగారు అంట్ల ముందు పీటేసుకు కూర్చుని, “నువ్వు వొంగమాకు. పో, పడుకో పో,” అంది.

“నాకేమైంది అత్తయ్యా?”

“ఏం కాలేదు. ఏం కాకూడదనే పడుకోమంది.”

జానీబీ మిగతా ఇద్దరికీ గట్టి హుకుం జారీ చేసిందని నస్రత్‌కి తెలియదు. “పిల్ల తన నోటితో చెప్పిందాకా ఎవరూ అడగమాకండి. మూడో నెల నిండిందాకా ఆ మాట గాలికి కూడా వినపడకూడదు. దిష్టి. అసలే ఒకటి వీక్‌గా ఉందంట.” మొన్న వైరు కోసమని కోడలు గుంటూరెళ్ళొచ్చింది కదా, అదీ సంగతి అనుకుంది జానీబీ. వైరు కోసం అంత దూరం ఎవరైనా వెళతారా?

ఆ సాయంత్రం గ్యాస్ సిలిండరు మార్చబోతే సుభానీ పరిగెత్తుకొచ్చి లాక్కున్నాడు. “నువ్వు ఎత్తమాకు. ఒకటైతే ఏదోలే అనుకోవచ్చు. ముగ్గురు.” అని, నాలిక కరుచుకుని, సిలిండరును కౌగిలించుకుని నిలబడ్డాడు.

నస్రత్‌కి మొదట అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది: స్కానింగ్, మూడు, వీక్, శుక్రవారం. నవ్వు పొంగుకొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మామగారు టీ తాగిన గ్లాసు తీసుకొచ్చి పంపు కింద కడిగి బోర్లించాడు. ఆయన కడిగిన గ్లాసును ఆమె చూడడం అదే మొదలు. తెరిచిన నోరు మూసుకుంది.

ఆ మూసుకున్న నోటి వెనక పెద్ద గొడవే జరిగింది. ఈ పనులన్నీ వీళ్ళకు వచ్చన్నమాట. సిలిండరు మొయ్యడానికి భుజాలున్నాయి, గ్లాసు కడగడానికి వేళ్ళున్నాయి. జ్వరంతో వంట చేసిన రోజు కూడా ఇవే భుజాలు, ఇవే వేళ్ళు. అప్పుడు “ఒక మాత్ర వేసుకో” అన్నారు. ఇప్పుడు ఆమెను చూసి కాదు, ఆమె లోపల ఉన్నారనుకున్నవాళ్ళను చూసి లేచారు. తన కోసం తొమ్మిదేళ్ళలో దొరకని తీరిక, లేని పిల్లల కోసం ఒక్క పూటలో దొరికింది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపం వెనకాలే ఇంకేదో వచ్చి దాన్ని పక్కకు జరగమంది. మామగారి చేతుల్లోంచి గ్లాసు జారబోతే ఆయన పట్టుకున్న తీరు. సుభానీ ఇస్త్రీలో కాల్చుకున్న వేలిని ఎవరికీ చూపకుండా దాచుకున్న తీరు. ప్రేమ లేనివాళ్ళు కాదు వీళ్ళు. ప్రేమను తప్పు చిరునామాకు పంపుతున్నవాళ్ళు. సరే, తప్పు చిరునామాకే రానీ. శుక్రవారందాకా ఈ కబురు తనే అందుకుంటుంది. తర్వాత తనే నిజం చెబుతుంది. అలా నిర్ణయించుకుని, వంటింట్లో కాకుండా డాబా మీద, తువ్వాళ్ళ చాటున కాకుండా పట్టపగలు కుర్చీ వేసుకుని కూర్చుంది. గాలి తగలడం మంచిదని కుర్చీ మోసుకొచ్చింది సుభానీయే.

బలంగా ఉన్న రెండూ తొందరగానే దొరికాయి. యాంటెన్నా అటూ ఇటూ తిప్పుతుంటే గీత ఎటు ప్రకాశిస్తే అటే దాని ఊరు. ఒకటి చిలకలూరిపేట రోడ్డు మీది కోల్డ్ స్టోరేజీది. రెండోది పొగాకు గోడౌనుది. వీక్‌గా ఉన్న మూడోది మాత్రం దాగుడుమూతలాడింది. కాసేపు కనపడేది, కాసేపు మాయమయ్యేది. దక్షిణంగా చేలవైపు నుంచి వస్తోందని మాత్రం తెలిసింది. వెళ్ళి చూడాలి.

“చేలోకా? ఒక్కదానివా? నా బొంద,” అంది జానీబీ. “నేనూ వస్తా పద.”

ఆటోలో వెళ్ళారు ఇద్దరూ. దారికి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్ర దుప్పట్లు పరిచినట్టు ఆరుతున్నాయి. ఆ ఘాటుకు తుమ్ముతున్న కోడలి నడుం మీద చెయ్యేసి, ప్రతి గోతికీ ఆటో డ్రైవర్ని ఒక తిట్టు తిట్టింది అత్తగారు. బుల్లయ్య చేను దగ్గర దిగారు. కూతుళ్ళిద్దరి పెళ్ళికీ పరుపులు వీళ్ళ షాపులోనే కొన్న ఆసామి ఆయన. నస్రత్ గట్టు మీద ల్యాప్‌టాపు తెరిస్తే, తెర కనపడాలని జానీబీ గొడుగు పట్టింది. నస్రత్ యాంటెన్నా తిప్పుతూ స్పీకరు పెట్టింది. గరగరమనే శబ్దం మధ్యలోంచి సన్నగా, పిట్ట కూసినట్టు, కింద నుంచి పైకి జారుతూ వినపడింది ఒక కూత.

“అదేందే?”

“అదే అత్తయ్యా, మనం వెతికేది.”

కూత ఎటు గట్టిగా ఉంటే అటు నడిచారు. చేను చివర ఇనప గొట్టానికి అరచేయంత సోలారు పలక, దాని కింద దుమ్ము పట్టిన తెల్ల పెట్టె.

“అదా?” అన్నాడు బుల్లయ్య. “ఎవరో కంపెనీవాళ్ళు వచ్చి పాతిపోయారమ్మా, నేలలో నీళ్ళెంతున్నాయో ఫోన్లో చెబుద్దని. కొన్నాళ్ళు చెప్పింది. తర్వాత వాళ్ళూ రాలా, ఫోనుకూ ఏం రాలా. పీకబోయి, కాకులు బెదురుతున్నాయని ఉంచా.”

“ఇది ఇంకా చెబుతూనే ఉంది బాబాయ్,” అంది నస్రత్. “తేమెంతో, ఎండెంతో, పొద్దుటినుంచీ సాయంత్రందాకా చెబుతూనే ఉంది. వినేవాళ్ళే లేరు.”

జానీబీ ఆ పెట్టె మీది దుమ్మును కొంగుతో తుడిచింది. “అయితే నాలాంటిదే,” అంది.

బుల్లయ్య మోటారు కట్టేయడానికి వెళ్ళాడు. ఇక నస్రత్ ఉండబట్టలేకపోయింది. శుక్రవారందాకా ఆగుదామనుకుంది గానీ, తన కోసం ఎండలో గొడుగు పట్టిన చెయ్యి పక్కనే ఉంటే ఆగడం ఆమె వల్ల కాలేదు. “అత్తయ్యా, నా కడుపులో ఎవరూ లేరు. ఆ రోజు మీరు విన్నది లోపల కాదు, లోరా. ఇదిగో, ఇదే. స్కానింగ్ అంటే ఈ గాలిది. నాకు మర్నాడే తెలిసింది, మీరంతా ఏమనుకున్నారో. ఈ పని అయిందాకా చెప్పకూడదని ఊరుకున్నా.”

జానీబీ గొడుగు ముడిచింది. గట్టు మీద కూర్చుంది. స్పీకరు ఇంకోసారి కూసి ఊరుకుంది.

“సుభానీ పుట్టిన రోజు పొద్దున నేను దూదేకుతున్నా,” అంది చివరికి. “ముక్కులో దూదే, నోట్లో దూదే. నొప్పులొస్తున్నాయంటే మా అత్త, ఆ బస్తా అయ్యాక లెమ్మంది. నలుగుర్ని కన్నా. నాలుగుసార్లూ ఎవరూ కూర్చోబెట్టలా. నీ మాట వినపడ్డప్పుడు నాకు పిల్లలొస్తున్నారని కాదే సంతోషమేసింది. అది కూడా ఏసిందనుకో. కానీ ముందు ఏమనిపించిందంటే, హమ్మయ్య, ఇప్పుడు దీన్ని కూర్చోబెట్టొచ్చు, ఎవరూ అడ్డం చెప్పలేరు అని.”

నస్రత్ ల్యాప్‌టాపు మూసి ఆమె పక్కనే గట్టు మీద కూర్చుంది.

“కడుపుతో ఉంటేనే కూర్చోబెట్టాలని రూలెవడు పెట్టాడో నాకు తెలవదు,” అంది జానీబీ. “నేనైతే పెట్టలా. నీ పనికి ఇంకా ఎన్నాళ్ళు?”

“శుక్రవారం.”

“అయితే శుక్రవారందాకా ముగ్గురూ లోపలే ఉండనీ. ఎవరికీ చెప్పమాకు.”

తిరుగు దారిలో కూడా గోతికొక తిట్టు చొప్పున ఆటో డ్రైవరుకు తిట్లు పడ్డాయి. కోడలి నడుం మీద చెయ్యి కూడా అలాగే ఉంది. ఇప్పుడు ఆ చెయ్యి సరైన చిరునామాకే వచ్చింది. నస్రత్‌కి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. అల్లాకు పెట్టింది. తర్వాత ఈవిడకు మనసులోనే పెట్టింది. మిగిలిన ఒక్క దణ్ణం ఆ దిక్కుమాలిన మిక్సీకి పెట్టింది. దాన్ని మార్చమని ఆరేళ్ళుగా పోరుతోంది. మార్చి ఉంటే ఈ అత్తగారు ఆమెకు దొరికేది కాదు.

శుక్రవారం పొద్దున రిపోర్టు వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా నాగజ్యోతి ఫోను చేసింది. మూడూ కరెక్టేనంట, ఆ అనాథ పెట్టె సంగతి తెలిసి వాళ్ళ బాసే ఆశ్చర్యపోయాడంట, సోమవారం తాడేపల్లి వచ్చి చేరమన్నారంట. నస్రత్ ఫోను పెట్టేసి అత్తగారి వైపు చూసింది. జానీబీ తలూపింది.

కానీ వాళ్ళు నోరు విప్పేలోపే ఇల్లు నిండిపోయింది. హుకుం ఉన్నా ఆ మాట మాబు సాహెబ్ కడుపులో ఆగలేదు. పొదిలిలో ఉన్న కూతురు నజ్మీన్‌కి ఫోన్లో గుసగుసగా చెప్పాడు. ఆయన గుసగుస బజారుకు వినపడుతుంది. నజ్మీన్ మిఠాయి డబ్బాతో దిగింది, దిగుతూనే, “వదినా, ముగ్గురినీ ఎలా మోస్తావే?” అని మెటికలు విరిచింది. జుమ్మా నమాజు నుంచి వచ్చిన మాబు సాహెబ్ షాపులోంచి ఒక మూట తెచ్చి విప్పాడు. మూడు బుల్లి పరుపులు. మేలురకం దూదితో తన చేత్తో కుట్టాడు. రెండు ఒకే తీరుగా ఉన్నాయి. మూడోది కాస్త మందంగా ఉంది.

“ఒకటి వీక్‌గా ఉందన్నారుగా,” అన్నాడు. “దానికి మెత్తగా ఉండాలని.”

ఆ మూడో పరుపును చూశాక ఇక ఆగకూడదనుకుంది నస్రత్. ల్యాప్‌టాపు తెచ్చి బల్ల మీద పెట్టి, మూడు రంగు గీతలూ చూపించింది. “ఇవే మామయ్యా, ఆ ముగ్గురు. ఇది కోల్డ్ స్టోరేజీ. ఇది పొగాకు గోడౌను. ఇదిగో, ఈ వీక్‌గా ఉన్నది బుల్లయ్య బాబాయి చేలో పెట్టె. వీటిని లోరా అంటారు. నేను జ్యోతితో ఫోన్లో అన్నది అదే.”

“మిక్సీ మోతలో నేను లోపలని విన్నా,” అంది జానీబీ. “విన్నది నేను. మీకు చెప్పింది నేను. దిష్టి, అడగమాకండి అన్నదీ నేనే. పిల్లనేమీ అనమాకండి.”

నజ్మీన్ చేతిలో మిఠాయి డబ్బా సగం తెరిచి ఆగింది. సుభానీ తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూశాడు. “నీకెప్పుడు తెలిసిందమ్మా?”

“బుల్లయ్య చేలో.”

“మరి మాకు చెప్పలేదేంది?”

“దాని ఉద్యోగానికి దిష్టి తగులుద్దని.”

సుభానీ కాలిన వేలిని చూసుకున్నాడు. “అంటే ఊరికే చేశామా ఇన్నాళ్ళూ ఈ పనులన్నీ?”

“ఊరికే కాదండీ,” అంది నస్రత్. ఆమె గొంతులో వెటకారం లేదు. వెతికినా దొరికేది కాదు, అక్కడ ఉన్నది వేరే. “మీరు యూనిఫాం ఇస్త్రీ చేస్తే నేను కోల్డ్ స్టోరేజీ పట్టుకున్నా. మామయ్య టీ పెట్టుకుంటే గోడౌను దొరికింది. అత్తయ్య గొడుగు పడితే మూడోది దొరికింది. నా బతుకులో ఇంతమంది కలిసి నా కోసం పని చేయడం ఇదే మొదలు. ఎవరి కోసమని చేశారో నాకు అనవసరం. అందింది నాకే. అది నేను మర్చిపోను. సోమవారం నుంచి నేను ఉద్యోగానికి వెళుతున్నాను. అడగట్లేదండీ, చెబుతున్నా.”

“చెప్పింది కదా, విన్నారుగా,” అంది జానీబీ. “నజ్మీన్, ఆ డబ్బా సగంలో ఆపావేంది, తియ్యి. మిఠాయి దేనికైనా మిఠాయే.”

నజ్మీన్ ఒక లడ్డు తీసి వదిన నోట్లో పెట్టింది. సుభానీ నవ్వాలో వద్దో తేల్చుకోలేక, ముందు చెయ్యి చాపి ఇంకో లడ్డు తీసుకున్నాడు. మాబు సాహెబ్ మాత్రం ఆ మందపాటి పరుపు మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చున్నాడు. ఆయన గొంతు జీవితంలో మొదటిసారి బజారుకు వినపడనంత చిన్నగా వచ్చింది.

“అయితే లోపల ఎవరూ లేరా అమ్మా?”

“ఉన్నారు మామయ్యా,” అంది నస్రత్. “నేనున్నాను.”